వల గుళ్లకు ఏ అచ్చు: పాత ఇనపదా, కొత్త అల్యూమినియందా?

ఒడిశాలో గంజాం జిల్లా గోపాలపురం తీరంలో విసురు వలకు సీసం గుళ్లు ఇంటి దగ్గరే పోసుకునే మన తెలుగువాళ్లకు ఈ ప్రశ్న తప్పదు. తాతల నాటి ఇనప అచ్చునే వాడాలా, బరంపురం వెళ్లి అల్యూమినియంది చేయించుకోవాలా?

ఇనుము వేడెక్కడానికి చాలా టైం పడుతుంది. అచ్చు చల్లగా ఉండగానే పోస్తే గుండు మీద ముడతలొస్తాయి, అందుకే మొదటి వాయి మళ్లీ మూకుడులోకే. ఒకసారి కాగితే మాత్రం వేడి నిలుపుకుంటుంది, గుళ్లు అంచుల దాకా నిండుగా దిగుతాయి. అసలు తలనొప్పి తుప్పు. ఉప్పుగాలికి నూనె రాసి చుట్టిపెట్టక తప్పదు. వాడే ముందు ఆ నూనె జిడ్డు పూర్తిగా పోవాలి, లేదంటే గుళ్లకు బొక్కలు పడతాయి.

అల్యూమినియం చకచకా కాగుతుంది, చేతికి తేలిక. కానీ మెత్తన. అచ్చు రెండు పలకలు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోకముందే గట్టిగా నొక్కితే అంచు దెబ్బతింటుంది, ఆ సందులోంచి సీసం పల్చటి రెక్కలా బయటికొస్తుంది. దాన్ని ఆకురాయితో అరగదీయకపోతే వల దారం కోసుకుపోతుంది. (ఈ పని ఎప్పుడూ ఇంట్లో చిన్నవాడి నెత్తినే పడుతుంది!)

ఏడాదికోసారి నాలుగు గుళ్లు మార్చుకునేవాళ్లకు అల్యూమినియం చాలు. వలంతా కొత్తగా కట్టేవాళ్లకు నేను ఇనపదే చెబుతాను.

సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది. ఏ అచ్చయినా లోపల తడి ఉంటే ఆవిరి పుట్టి సీసం మొహం మీదికి చిమ్ముతుంది. పోసేది ఆరుబయటే, పిల్లలకు దూరంగా. ఆ మూకుడు మళ్లీ వంటకు పనికిరాదు.