మిర్చి కోల్డ్ స్టోరేజీలో పోస్ట్‌గ్రెస్: ఏడేళ్ల వాడకం తర్వాత

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి లెక్కల ప్రోగ్రామ్ రాసింది నేనే, ఇప్పటికీ చూసుకుంటున్నదీ నేనే. 2018 సీజన్‌కి ముందు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్ 10వ వెర్షన్‌తో మొదలుపెట్టాం, ఇప్పుడు 17లో ఉన్నాం. దాని వేగం గురించి, ఫీచర్ల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. సెక్యూరిటీ లోపం బయటపడినప్పుడు దాన్ని వాడుకునే మనలాంటివాళ్ల మీద ఎంత పని పడుతుందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

మా దగ్గర డేటా అంటే ఏమిటో ముందు చెప్పాలి. రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) దించగానే కాటా వేసి, లాట్ నంబరు ఇచ్చి, ఏ ఛాంబర్లో ఏ అంతస్తులో పెట్టామో ఎక్కించి, సరుకు మా దగ్గర ఉందని బాండ్ రాసిస్తాం. చాలామంది ఆ బాండ్ పెట్టే బ్యాంకులో అప్పు తెచ్చుకుంటారు. తేజ రకం లాట్ తాలు (నాసిరకం) కింద పడినా, 80 టిక్కీలు 60 అయినా మునిగేది రైతే. అందుకే గుమస్తాలందరికీ డేటాబేస్‌లో ఎవరి లాగిన్ వాళ్లకి ఇచ్చాను. ఏ ఎంట్రీ ఎవరు మార్చారో తెలియాలి కదా.

2019 జూన్ 20, గురువారం. పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో ప్యాచ్‌లు (లోపాలు సరిదిద్దే చిన్న అప్‌డేట్లు) ఇస్తుంది. ఆగస్టు దాకా ఆగకుండా జూన్‌లోనే 10.9, 11.4 ప్యాచ్‌లు వదిలారంటే విషయం పెద్దదని అర్థమైంది. స్క్రామ్ అనే పాస్‌వర్డ్ పద్ధతిలో బఫర్ ఓవర్‌ఫ్లో బయటపడింది. లాగిన్ ఉన్న ఎవరైనా తన పాస్‌వర్డ్‌నే ఒక ప్రత్యేకమైన విలువకి మార్చుకుంటే సర్వర్ కూలిపోవచ్చు, అంతకంటే ఘోరంగా పోస్ట్‌గ్రెస్ నడిచే అకౌంట్ హక్కులతో తనకి కావలసిన కోడ్ నడిపించుకోవచ్చు. పాత పద్ధతి కంటే గట్టిదని పట్టుబట్టి స్క్రామ్ పెట్టుకున్నవాణ్ణి నేను. చదువుతుంటే కడుపులో తిప్పింది.

మా గుమస్తా బాబాయికి ఇది బాండ్ రిజిస్టర్ చూపించి చెప్పాను. "బాబాయ్, టిక్కీల సంఖ్యకి ఈ గడి ఉంది. ఇందులో పట్టనంత పొడుగు అంకె రాస్తే ఏమవుద్ది?"

"పక్కనున్న పేరు మీద పడుద్ది, అబ్బాయ్. అట్టా ఎవడన్నా రాస్తాడా?"

మనిషి రాయడు, గడి నిండిందని కంటికి కనపడుతుంది కాబట్టి ఆగుతాడు. పోస్ట్‌గ్రెస్ రాసింది సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో. అందులో కొలత చూసుకోవలసిన బాధ్యత ప్రోగ్రామర్‌దే. ఇక్కడ 32 బైట్ల కీ పట్టేంత చోటు పెట్టి, వచ్చిన దాని పొడవు చూడకుండా అందులో నింపేశారు. పొంగినది పక్క మెమరీ మీద పడుతుంది. ఈ పని అయ్యాక ప్రోగ్రామ్ ఎక్కడికి తిరిగి వెళ్లాలో రాసిపెట్టుకున్న చిరునామా కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. దాన్ని తనకి కావలసినట్టు మార్చగలిగినవాడి చేతికి ప్రోగ్రామ్ వెళ్లిపోయినట్టే.

దీనికి లాగిన్ ఉండాలి కదా, మనకేం భయంలే అనుకోబోయాను. సాయంత్రం కాటా దగ్గరికి వెళ్తే మానిటర్ అంచుకి ఒక లాట్ చీటీ అతికించి ఉంది. దాని మీద మార్కర్‌తో యూజర్ పేరు, కింద పాస్‌వర్డ్. సీజన్‌కి వచ్చి వెళ్లిపోయే కుర్రాళ్లు, లారీ డ్రైవర్లు, ముఠా కూలీలు అందరూ నిలబడే చోటు అది. ఆ రాత్రే 10.9 వేశాను. డేటా దించి మళ్లీ ఎక్కించే పని లేదు. ప్యాకేజీ అప్‌డేట్, రీస్టార్ట్, అంతే. ఈ ఏడేళ్లలో చిన్న ప్యాచ్ ఏదీ మా డేటాని పాడుచేయలేదు. నేను పోస్ట్‌గ్రెస్‌ని వదలకపోవడానికి పెద్ద కారణం ఇదే.

చాలామంది వదిలేసే సంగతి ఇంకొకటుంది. అదే లోపం క్లయింట్ లైబ్రరీలో, అంటే సర్వర్‌కి కనెక్ట్ అవడానికి ఇటు పీసీలో ఉండే కోడ్‌లో కూడా ఉంది. మోసపు సర్వర్‌కి కనెక్ట్ అయితే ఇటు కంప్యూటరే దెబ్బతినవచ్చు. మా కాటా పీసీలో ప్రోగ్రామ్‌ని డేటాబేస్‌తో కలిపే విండోస్ ఓడీబీసీ డ్రైవర్ తన లైబ్రరీని తనే వెంట తెచ్చుకుంటుంది. సర్వర్‌కి ప్యాచ్ వేసినంత మాత్రాన అది మారదు. ఒక్కో పీసీ దగ్గరికి వెళ్లి డ్రైవర్ మార్చడానికి రెండు రోజులు పట్టింది.

2021 మే 13న ఇంకోటి వచ్చింది. అర్రే (విలువల వరుస)లో స్థానం చెప్పే సబ్‌స్క్రిప్ట్‌ల లెక్కలో అంకె పొంగిపోయి, లాగిన్ ఉన్నవాడు సర్వర్ మెమరీలో రాయగలిగే లోపం. అప్పటికి మేం 13లో ఉన్నాం, 13.3 వెయ్యాలి. కరోనా రెండో దశ, మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. ఉదయం ఏడింటికే వెళ్లి, బ్యాకప్ తీసి, ప్యాచ్ వేసి, 11 కల్లా ఇంటికొచ్చాను. టెన్షన్ అంతా దారిలోనే, సర్వర్ దగ్గర కాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒక్కో పెద్ద వెర్షన్‌కి ఐదేళ్లే సపోర్ట్. 10కి 2022 నవంబరుతో ఆగిపోయింది. పెద్ద వెర్షన్ మారడం చిన్న ప్యాచ్ అంత తేలిక కాదు. మేమైతే మిర్చి రాక మొదలయ్యే లోపే, డిసెంబరులో చేస్తాం. ప్యాచ్ వచ్చిన రోజే వెయ్యాలా అన్నదీ ఆలోచించాలి. 2024 నవంబరులో 17.1 కొన్ని ఎక్స్‌టెన్షన్లతో (అదనంగా తగిలించుకునే భాగాలతో) పేచీ పెడితే వారానికే 17.2 ఇచ్చారు. నేను టెస్ట్ పీసీలో రెండు మూడు రోజులు నడిపి వేస్తాను, అంతకు మించి ఆగను.

ఆగితే ఏమవుతుందో 2003 జనవరి 25న ప్రపంచం చూసింది. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000లోని బఫర్ ఓవర్‌ఫ్లోని పట్టుకుని స్లామర్ అనే 376 బైట్ల పురుగు (తనంతట తనే పాకే ప్రోగ్రామ్) దాదాపు 75 వేల సర్వర్లకి పాకింది, ఎక్కువ భాగం మొదటి 10 నిమిషాల్లోనే. దానికి ప్యాచ్ అంతకుముందు జులైలోనే ఉంది. అందుకే మా సర్వర్ పోర్టు ఇంటర్నెట్‌కి తెరవలేదు, ఆఫీసు లోపలి ఐదు పీసీలకే అనుమతి. కాటా లాగిన్‌కి కొత్త ఎంట్రీ వేసే హక్కు ఉంది, పాత ఎంట్రీ మార్చే హక్కు లేదు. లాట్ చీటీ నేనే పీకేశాను.

మొన్న ఆగస్టులో ప్యాచ్ వేసినప్పుడు సర్వర్ ఆగి ఉన్నది రెండు నిమిషాల లోపే. శాంపిల్ కోసం వచ్చిన ఒక రైతు కౌంటర్ దగ్గర బాండ్ పట్టుకుని నిలబడ్డాడు. మంచినీళ్లు తాగి వచ్చేసరికి అతని లాట్ నంబరు స్క్రీన్ మీద ఉంది.