దగ్గర ఫైట్‌లో రీలోడ్ వద్దు, గన్ మార్చండి: బీజీఎంఐ ఇన్నేళ్లు ఆడాక నా మాట

2021 జులైలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, ఫోన్‌లో ఆడే షూటింగ్ గేమ్) వచ్చిన వారం నుంచి ఆడుతున్నాను. 2022 జులైలో స్టోర్ల నుంచి తీసేసినా నా ఫోన్‌లో ముందే ఉంది కాబట్టి ఆగలేదు. హన్మకొండ రూమ్‌లో మొదలైన మా నలుగురి స్క్వాడ్ ఇప్పటికీ అట్లనే ఉంది, ఒకరు కాజీపేట, ఒకరు జమ్మికుంట, ఇంకొకరు ఉద్యోగం మీద హైదరాబాద్ వెళ్లిపోయాడు, రాత్రి పదికి మాత్రం అందరం ఆన్‌లైన్. ఇన్నేళ్లలో నా ఆటను నిజంగా మార్చింది ఎయిమూ (గురి) కాదు, సెన్సిటివిటీ (వేలు జరిపితే స్క్రీన్ ఎంత వేగంగా తిరగాలన్న సెట్టింగ్) కూడా కాదు, గన్ మార్చడం నేర్చుకోవడం.

మొదటి ఏడాదంతా నేను చచ్చింది ఒకే తీరుగా. ఇంట్లో ఎదురెదురుగా పడతాం, ఎం416 రైఫిల్‌లో ఉన్న 30 బుల్లెట్లు కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతాయి, వేలు అలవాటుగా రీలోడ్ మీదకు పోతుంది, ఆ రెండు సెకన్ల పైచిలుకులో ఎదుటివాడు నాక్ చేసేస్తాడు (కింద పడేస్తాడు). రెండో గన్ అంతకంటే చాలా తొందరగా చేతిలోకి వస్తుంది. డీపీ-28 మెషీన్ గన్‌తో అయితే ఇంకా కష్టం, 47 బుల్లెట్లు ఉంటాయి కానీ అయిపోయాక నింపడానికి ఐదు సెకన్ల పైనే పడుతుంది. గన్ మార్చడం రాకుండా దాంతో రష్‌కి (ఎదుటివాళ్ల మీదికి దూసుకెళ్లడానికి) వెళ్లొద్దు.

ఇంకో తప్పు రీలోడ్ సగంలో ఉండగా టెన్షన్ పడి మార్చడం. మ్యాగజైన్ లోపలికి పోకముందే మార్చామంటే ఆ రీలోడ్ లెక్కలోకి రాదు, మళ్లీ మొదటి నుంచే. ఎస్1897 షాట్‌గన్‌లో ఒక్కో గుండు పడుతుంది కాబట్టి పడినంత వరకు మిగులుతుంది. అందుకే ఇప్పుడు బుల్లెట్లు ఐదారుకు రాగానే మారుస్తాలే అని ముందే అనుకుంటాను, సున్నా అయ్యేదాకా ఆలోచన ఆపుకోను.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది రెండుసార్లు నొక్కడం. చేతిలో ఉన్న గన్ బొమ్మనే మళ్లీ నొక్కితే అది వీపు మీదకు పోతుంది, కంగారులో టక టకా నొక్కితే గన్ వచ్చి మళ్లీ వెళ్లిపోతుంది. జమ్మికుంట తమ్ముడు మైక్‌లో ఒకటే అరుపు, "అన్నా గన్ తియ్యి, ఉత్త చేతులతో ఉరుకుతున్నవ్!" సెట్టింగ్స్‌లో కంట్రోల్స్‌కి వెళ్లి గన్ల బటన్లు పెద్దవి చేసి, ఎడమ చూపుడు వేలు అందే చోటుకు జరిపాను, ఎందుకంటే కుడి బొటనవేలు ఎయిమ్ వదిలిందా పని అయిపోయినట్టే. తర్వాత రెండు వారాలు రోజూ టీడీఎం (టీమ్ డెత్‌మ్యాచ్, రెండు టీమ్‌లు తలపడే ఆట) వేర్‌హౌస్ మ్యాప్‌లో, 40 కిల్స్ మ్యాచ్ మొత్తం ఫైట్ నడుస్తుండగా రీలోడ్ ముట్టుకోవద్దని పెట్టుకుని ఆడాను. మొదటి నాలుగు రోజులు బాగా ఓడిపోయాం, ఆ తర్వాత వేలికి దానంతట అదే వచ్చేసింది.

గన్ల వరుస కూడా మార్చొద్దు. నాకు ఒకటో స్లాట్ ఎప్పుడూ దగ్గరికి, రెండోది ఎప్పుడూ దూరానికి, లూట్‌లో తారుమారుగా దొరికితే బ్యాగ్ తెరిచి వెంటనే సరిచేస్తాను. నాకు బాగా కుదిరిన జత దగ్గరికి యూఎంపీ45, దూరానికి ఎం416. బుల్లెట్లు వేరు కాబట్టి బ్యాగ్‌లో చోటు ఎక్కువ పోతుంది, అయినా నష్టం లేదు. కార్98కే స్నైపర్ రైఫిల్ తీసుకుంటే పక్కన దగ్గరి గన్ ఉండి తీరాలి, ఒక్క షాట్ తప్పి బోల్ట్ లాగేలోపు వాడు మీదికి వచ్చేస్తాడు. ఎస్686 షాట్‌గన్‌తో రెండు గుండ్లు కొట్టి వెంటనే మార్చడం మెట్ల దగ్గర మస్తు పనిచేస్తుంది. స్కోప్‌లో ఉండగా మారిస్తే స్కోప్ మూసుకుపోతుందని మాత్రం గుర్తుంచుకోండి.

మా వరంగల్ ఎండాకాలంలో ఇవన్నీ సగం పనిచేస్తాయి. మే నెలలో కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే ఫోన్ కాలిపోతుంది, ఫ్రేమ్స్ పడిపోతాయి, చెమట వేలికి బటన్ తగిలినా పని చేయదు. వేళ్లకు తొడుగులు వేసుకున్నాక చాలా నయం.

ఫైట్ గెలవగానే క్రేట్ (చచ్చినవాడి సామాను పెట్టె) మీదకు ఉరకకండి, ముందు రెండు గన్లూ నింపండి. మొన్న శనివారం గేమ్‌లోని పోచింకీ ఊళ్లో ఇద్దరిని పడేసి యూఎంపీ నింపి, ఎం416 సంగతి మర్చిపోయాను. మూడో స్క్వాడ్ వచ్చింది, మార్చాను, అందులో ఉన్నవి నాలుగు బుల్లెట్లు.