కాలువ వంతెన దగ్గరి ఖాతా కొట్టు

కోనసీమలో ముమ్మిడివరం వైపు ఉన్న మా ఊళ్లో, కాలువ వంతెన దిగగానే కుడిచేతి వైపు రేకుల పందిరి కింద ఒక కిరాణా కొట్టు ఉంది. దానికి బోర్డు లేదు, అందరూ వంతెన కొట్టు అంటారు. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించి ఈ ఊరు వచ్చిన నాటి నుంచి, అంటే ఏడాదిన్నరగా, పాలు, కూరగాయలు మినహా మా ఇంటి సరుకులన్నీ ఇక్కడే కొంటున్నాను. పట్టణంలోని సూపర్ మార్కెట్టుతో పోలిస్తే ప్యాకెట్టు సరుకుల మీద తగ్గింపులేమీ ఉండవు. కాని కందిపప్పు పుచ్చు లేకుండా ఉంటుంది, చింతపండులో గింజ, ఈనె కనబడవు, బెల్లం ఎప్పుడూ కొత్తదే. ఎలక్ట్రానిక్ కాటా మీద పొట్లం కాగితం పెట్టి, అంకె సున్నాకు వచ్చాక గాని గింజ వేయరు. చూడడానికి చిన్న విషయమే గాని, వంద గ్రాములు కొనేవారికి ఆ కాగితం బరువు కూడా లెక్కే.

వంద గ్రాములు కొనేవారే ఈ కొట్టుకు ఆధారం. సాయంత్రం ఐదు దాటితే పొలం పనుల నుంచి తిరిగివచ్చే ఆడవాళ్లు వరుసగా వస్తారు. గత శ్రావణంలో ఊడ్పుల రోజుల్లో ఒకామె మోకాళ్ల వరకూ బురద ఆరిపోయిన కాళ్లతో గడప బయటే నిలబడి, ఇరవై రూపాయల నూనె, పది రూపాయల చింతపండు, రెండు గుడ్లు, ఒక షాంపూ సాచెట్టు అడిగింది. లీటరు నూనె ఒకేసారి కొంటే ఎంత కలిసివస్తుందో వీళ్లకు తెలియదు కదా అని మనసులో అనుకుని ఊరుకోక, ఆమె వెళ్లాక పైకే అనేశాను. కొట్టు యజమాని పొట్లం కట్టడం ఆపకుండానే, "తెలియకేమండీ మేనేజరు గారూ, లీటరు ఇంట్లో కనబడితే నాలుగిళ్లవాళ్లు గిన్నె పట్టుకుని వస్తారు. రేపు తనకూ అవసరమే కాబట్టి లేదనలేదు. ఇరవై రూపాయల నూనైతే ఆ పూటకే అయిపోద్ది" అన్నారు.

ఆ రాత్రి నేను కాగితం పెన్ను పట్టుకుని లెక్క వేశాను. విడి నూనె మీద ఆమెకు కొంత నష్టమున్న మాట నిజమే. షాంపూ దగ్గర మాత్రం మా ఇంటి సీసా ధరను మిల్లీలీటరుకు విడగొట్టి చూస్తే సాచెట్టే చవకగా తేలింది. ఇన్నేళ్లూ సీసా కొనడం పొదుపని మా ఆవిడకు చెబుతూ వచ్చినవాణ్ణి నేను.

ఇక ఈ కొట్టు అసలు సేవ ఖాతా. ఎర్ర అట్ట పుస్తకంలో ఇంటికొక పేజీ ఉంటుంది. సంతకం లేదు, హామీ లేదు, వడ్డీ లేదు. అరువుకు ఇచ్చేవారికి ధర పెంచి రాస్తారేమోనని నాకు అనుమానం ఉండేది. అందుకని ఒక వారం పాటు నేను నగదుకు కొన్న పంచదార, మినప్పప్పు ధరలను, నా కళ్లముందు ఖాతాలో రాసిన ధరలతో పోల్చి చూశాను. పైసా తేడా లేదు. ఏప్రిల్‌లో దాళ్వా, అంటే రెండో పంట వరి కోతలు ముగిసి కాలువలు కట్టేశాక పనులు సన్నగిల్లుతాయి. యంత్రాలు వచ్చాక కోత కూలి ముందే తగ్గిపోయింది. ఉపాధి హామీ కూలి పదిహేను రోజుల్లో చెల్లించాలని 2005 నాటి చట్టం చెప్పినా, డబ్బు పడిందో లేదో చూసుకోవడానికి బ్యాంకు చుట్టూ తిరిగినవాళ్లను నేను కౌంటరు ఇవతలి నుంచి చూసినవాణ్ణే. ఆ నెలల్లో పేజీలు నిండుతాయి. సార్వా, అంటే తొలకరి పంట ఊడ్పులు మొదలయ్యాక ఒక్కొక్కటే కొట్టివేతలు పడతాయి.

1992లో నాబార్డు, అంటే జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు, స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే పథకం తెచ్చిన తరువాత, నేను పనిచేసిన శాఖకూ డ్వాక్రా మహిళలు అప్పు కోసం వచ్చేవారు. కూలి డబ్బు చేతిలో పడితే ఖర్చయిపోతుందని, కిస్తీ ఎక్కడ కడతారని తొలి దరఖాస్తులను నేనే పక్కన పెట్టాను. పై అధికారుల ఒత్తిడి మీద ఇచ్చిన ఆ అప్పుల్లో ఒక్క కిస్తీ ఆలస్యం కాలేదు. అయినా అప్పట్లో దాన్ని సంఘం నాయకురాలి గొప్పతనమనే అనుకున్నాను గాని, నా అంచనా తప్పని అనుకోలేదు.

ఈ కొట్టులో ఎగవేతలు లేవని నేను చెప్పబోవడం లేదు. పుస్తకం చివర రెండు పేజీల నిండా రాని బాకీలే ఉన్నాయి, అడిగితే దాచకుండా చూపించారు. గల్ఫుకు పనికి వెళ్లిన ఒకామె నాలుగేళ్లకు తిరిగివచ్చి, తన బాకీ ఎంతో తానే చెప్పి కట్టిందట. మరొకతను కనబడితే ఇప్పటికీ సందు మారుస్తాడట. మా శాఖలోనూ మొండి బాకీల జాబితా ఉండేది. అందులో రొయ్యల చెరువుల ఆసాములూ, కాంట్రాక్టర్లూ ఉండేవారు. వాళ్లను చూసి చెరువులున్న వాళ్లంతా ఇంతేనని మాలో ఎవరూ అనలేదు. పేటలో ఒక్కడు ఎగ్గొడితే మాత్రం పేట మొత్తానికీ ఆ పేరు పెట్టేవాళ్లం.

వరదల సమయంలో ఈ కొట్టు మీద ఆధారపడవచ్చునని ఊరివాళ్లు చెబుతారు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక రాగానే అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, బిస్కట్లు, అటుకులు ఎక్కువగా తెప్పించి అదే ధరకు అమ్ముతారట. 2022 జులైలో ప్రవాహం 25 లక్షలు దాటినప్పుడు లంకల నుంచి, అంటే నది మధ్య దీవుల నుంచి, గట్టు మీదికి చేరినవారికి, ఖాతా లేని కొత్త ముఖాలకు కూడా, పేరు రాసుకుని సరుకు ఇచ్చారని విన్నాను. అప్పుడు నేను ఇక్కడ లేను కనుక అంతకుమించి రాయను.

లోపాలు లేకపోలేదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు తలుపు మూస్తారు, పిలిచినా పలకరు. ఫోనులో డబ్బు కట్టే స్కానరు ఉంది గాని సిగ్నలు సగం రోజులు ఉండదు. మొన్న అలాగే జేబులో నగదు లేక నిలబడిపోతే, "పర్లేదండీ, రాసుకుంటాను" అని ఎర్ర అట్ట పుస్తకం తీశారు. 84 రూపాయలు. నా పేరు రాసిన పేజీకి ముందు పేజీ ఊడ్పుల మేస్త్రీది, తరువాతి పేజీ చేపల బుట్ట ఆమెది. జీతంచీటీ అడిగి గాని ఎవరికీ అప్పివ్వని నాకు, నా వివరాలేవీ అడగకుండా అప్పు పుట్టింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి కట్టేసి, గీత కొట్టేదాకా అక్కడే నిలబడ్డాను.

గాజు సీసాల్లోని విడి బిస్కట్లు మాత్రం కొనకండి, వానాకాలంలో మెత్తబడి ఉంటాయి. అయిదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. ఆ తగ్గిన ఒక్క మార్కూ బిస్కట్లకే.