కహూటా, హౌసీనా, ఇరవై ప్రశ్నలా? ఆన్‌లైన్ తెలుగు క్లాసుకు ఏది మేలు?

తెలంగాణలో 2018లో చట్టం చేసి బడుల్లో తెలుగు తప్పనిసరి చేశాక, ఇంట్లో హిందీయో బెంగాలీయో మాట్లాడే పిల్లలకు ట్యూషన్ వెతకడం హైదరాబాద్‌లో మామూలైపోయింది. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే వేరే రాష్ట్రాల వాళ్ళు సరేసరి. చాలామందికి ఆన్‌లైన్ క్లాసే వీలు. కొత్తగా పాఠాలు మొదలుపెట్టిన టీచర్లు నన్ను అడిగేది ఒకటే: "మేడమ్, పిల్లలు కెమెరా ఆపేసి కూర్చుంటున్నారు. ఏ ఆట ఆడించమంటారు?"

ఏ ఆట పెట్టినా పిల్లలకు హుషారు వస్తుంది. నేను మాత్రం ఒక్కటే చూస్తాను. ఆ పది నిమిషాల్లో ఒక్కొక్కరూ ఎన్నిసార్లు నోరు విప్పి తెలుగులో మాట్లాడారు?

అందరూ ముందు చెప్పే పేరు కహూట్, ఫోన్లో జవాబు నొక్కే ఆన్‌లైన్ క్విజ్. పిన్ కొట్టి చేరిపోవచ్చు, రంగులూ సంగీతం ఉంటాయి, ఎవరికి ఏ ప్రశ్న రాలేదో చివర్లో రిపోర్టు కూడా వస్తుంది. ల–ళ, న–ణ తేడాలకూ వత్తులకూ దానితో పరీక్ష పెట్టడం చాలా సులువు. కానీ ఆట నడిచినంతసేపూ క్లాసంతా మ్యూట్‌లోనే ఉంటుంది. పైగా ఎంత త్వరగా నొక్కితే అన్ని పాయింట్లు, మామూలు ప్రశ్నకు 1000 దాకా. ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లవాడు ప్రశ్న పూర్తి చేసేలోపు మిగతావాళ్ళు నొక్కేస్తారు. జవాబు తెలిసి కూడా వాడు వెనకబడతాడు. ఆడించాలనుకుంటే ప్రశ్నకు ఇచ్చే టైమ్ పెంచండి. ఇంట్లో ఒకే ఫోన్ ఉన్న పిల్లలకు జూమ్‌కూ కహూట్‌కూ మధ్య తిప్పలు తప్పవు, అదీ ఆలోచించుకోండి.

హౌసీ మన అపార్ట్‌మెంట్లలో అందరికీ అలవాటే. ఏ యాప్ అక్కర్లేదు. కాగితం మీద తొమ్మిది గళ్ళు గీసి, ఒకటి నుంచి యాభై లోపు నచ్చిన అంకెలు వేసుకోమనండి. అంకెలు మీరు చదవకండి, వంతులవారీగా పిల్లలతోనే చదివించండి. హిందీలో వంద దాకా అంకెలన్నీ విడివిడిగా బట్టీ పట్టాలి. తెలుగులో ముప్ఫై పక్కన ఏడు పెడితే సరిపోతుంది. ఆ కిటుకు దొరకగానే పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. కాకపోతే అంకెలు వచ్చేశాక ఇందులో నేర్పడానికి పెద్దగా ఏమీ ఉండదు.

నా ఓటు ఇరవై ప్రశ్నలకే. ఒకరు మనసులో ఒక వస్తువు అనుకుంటారు, మిగతావాళ్ళు అవునో కాదో తేలే ప్రశ్నలు అడిగి కనిపెట్టాలి. ఒక క్లాసులో ఒకమ్మాయి గొడుగు అనుకుంది. ప్రశ్నలు ఇలా సాగాయి. "ఇంట్లో ఉంటుందా?" "ఉంటుంది." "తింటామా?" "తినం." "బరువుగా ఉంటుందా?" "ఉండదు." "అది బట్టా?" "కాదు." "ఇప్పుడు నీ చేతిలో ఉందా?" "లేదు."

ఈ జవాబులు చూడండి. హిందీ పిల్లలు వీటిలో కాదనే వాటన్నిటికీ "నహీ" అనేసి ఊరుకోవచ్చు. తెలుగులో ప్రశ్న ఏ క్రియతో వచ్చిందో చూసుకుని, దాన్నే తిప్పి చెప్పాలి; "అది బట్టా" లాగా క్రియే లేకపోతే "కాదు" అనాలి. "బరువుగా ఉంటుందా" అంటే "లేదు" అని వచ్చిన ప్రతిసారీ ఇంకెవరో ఒకరు "ఉండదు" అని సరిదిద్దుతారు, నేను కలగజేసుకోను. వర్క్‌షీట్లో పది వాక్యాలు రాయించినా ఇంత పట్టు రాదు.

రెండో విడతలో మనుషుల్ని పెట్టండి. ఎవరో పి.వి.సింధును అనుకున్నారనుకోండి. "ఆయన" నుంచి "ఆమె"కు రావాలి, "ఆడుతుందా" అనాలో "ఆడతారా" అనాలో తేల్చుకోవాలి, "ఒలింపిక్స్‌లో పతకం గెలిచారా?" అని భూతకాలంలో అడగాలి. ఆఫీసు వాళ్ళకు ఇది మరీ ముఖ్యం, పెద్దవాళ్ళను "నువ్వు" అంటామేమోనన్న టెన్షన్ వాళ్ళకు ఎప్పుడూ ఉంటుంది.

దీనికీ ఇబ్బందులున్నాయి. ఒకటి, చురుకైన ఇద్దరు ముగ్గురే అన్నీ అడిగేస్తారు. హాజరు పట్టీ వరసలోనే అడగాలని మొదటి రోజే చెప్పేయండి. తడుముకునేవాళ్ళ కోసం "ఉంటుందా?", "వాడతామా?", "ఎక్కడైనా చూశామా?" లాంటి మాటలు చాట్‌లో ముందే వేసి ఉంచండి. రెండు, నిన్నగాక మొన్న చేరినవాళ్ళకు ఇది కష్టం. ఇంట్లో వస్తువుల పేర్లు కొన్నీ, నాలుగైదు క్రియలూ వచ్చేదాకా హౌసీతో నడపండి. పది మంది దాటితే జూమ్‌లోని బ్రేకవుట్ రూముల్లో చిన్న గుంపులుగా విడగొట్టండి, లేకపోతే వంతు వచ్చేసరికి పిల్లలు ఫోన్లో వేరే ఏదో చూస్తుంటారు. ఉచిత జూమ్ 40 నిమిషాలకే ఆగిపోతుంది కాబట్టి ఆటను చివరికి వాయిదా వేయకండి, పాఠం మధ్యలో పెట్టండి.

అంత్యాక్షరి బాగానే ఉంటుంది గానీ మన మాటలు "డు"తోనూ "ము"తోనూ ఎక్కువగా ముగుస్తాయి, "డు"తో మొదలయ్యేవి దొరక్క ఆట ఆగిపోతుంది. గుణింతం వదిలేసి హల్లు ఒక్కటే పట్టుకోమంటే కొంత నయం. ఒక్కో అక్షరం ఊహిస్తూ దాచిన మాటను కనిపెట్టే హ్యాంగ్‌మ్యాన్ ఇంగ్లీషులో 26 అక్షరాల ఆట. మన గుణింతాలూ వత్తులతో ఊహించాలంటే పిల్లలు ఎప్పటికీ గెలవరు. ఆడించి తీరాలంటే గుణింతం, వత్తు మీరే బోర్డు మీద వేసి పెట్టి, హల్లు మాత్రం వాళ్ళను చెప్పమనండి.