‘ఫుల్లీ అప్‌గ్రేడెడ్’ డెక్ అని పెడితే తొందరపడి కొనకండి, నాకు 7,200 పోయాయి

ఫ్రెండ్స్, మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడేవాళ్లు, కొత్తగా అందులో కమాండర్ (ఒక్కొక్కరూ 100 కార్డుల కట్ట, అంటే డెక్‌తో ఆడే పద్ధతి) మొదలుపెడదాం అనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా మాలాగా చిన్న ఊళ్లలో ఉండి కార్డులన్నీ ఆన్‌లైన్‌లోనే తెప్పించుకునేవాళ్లు, ఎవరికైనా డబ్బు పంపేముందు ఇది ఒక్కసారి చదవండి. కొంచెం పెద్దదే, కానీ చదవండి.

మాది ఒడిశాలోని రాయగడ. ఇక్కడ ఈ కార్డులు అమ్మే కొట్టు లేదు. ఆడేది నాకు తెలిసి మేం నలుగురమే: నేను, మా పెద్దమ్మ కొడుకు అన్నయ్య, మా వీధిలోనే ఉండే ఒడియా కుర్రాడు (తెలుగు మాకన్నా బాగా మాట్లాడతాడు), గునుపూర్‌లో ఇంజినీరింగ్ చదువుతూ శనివారం సాయంత్రానికి ఇంటికొచ్చే తమ్ముడు. కమాండర్ అసలు నలుగురు కూర్చుని ఆడితేనే బాగుంటుంది కాబట్టి మాకు సరిగ్గా సరిపోయింది. ముగ్గురికి డెక్కులు ఉన్నాయి, నేను మాత్రం ఏడాదిగా అన్నయ్య రెండో డెక్ అడిగి తీసుకుని ఆడుతున్నాను. సొంత డెక్ కావాలని ఎంత ఆశ ఉండేదో ఈ ఆట ఆడేవాళ్లకి చెప్పక్కర్లేదు.

నేను కొనాలనుకున్నది డ్రాకోనిక్ డిస్ట్రక్షన్. 2022లో ఈ ఆట తయారుచేసే కంపెనీ కొత్తవాళ్ల కోసమని ఐదు స్టార్టర్ కమాండర్ డెక్కులు తెచ్చింది కదా, అందులో ఎరుపు-ఆకుపచ్చ డ్రాగన్ల డెక్. దాని కమాండర్, అంటే డెక్‌కి నాయకుడిగా ఉండే కార్డు, అటార్కా, వరల్డ్ రెండర్. ఏడు మానా (కార్డు దించడానికి పెట్టే శక్తి, ఎక్కువగా ల్యాండ్ కార్డుల నుంచి వస్తుంది) కార్డు, 6/4 (కొట్టే దెబ్బ 6, తట్టుకునేది 4), ఎగురుతుంది, ట్రాంపుల్ ఉంది (అడ్డొచ్చిన జీవికి పోగా మిగిలిన దెబ్బ ఆటగాడికే తగులుతుంది), మన డ్రాగన్ ఏది అటాక్ చేసినా దానికి డబుల్ స్ట్రైక్ (రెండుసార్లు కొట్టడం) వస్తుంది. అంటే అటార్కా ఒక్కసారి అడ్డం లేకుండా తగిలితే 12, రెండోసారి తగిలితే 24. ఒకే కమాండర్ కొట్టిన డ్యామేజీ 21కి చేరితే ఎదుటివాడికి లైఫ్ ఎంత మిగిలున్నా అవుట్. అన్నయ్య ఇంట్లో ఒకసారి ఆ కార్డు చూసినప్పుడే మనసు దానిమీద పడింది.

కొత్తది సీల్డ్‌గా (విప్పని పెట్టెతో) కొనుంటే ఈ పోస్టు ఉండేది కాదు. ఒకతను అదే డెక్‌ని ‘ఫుల్లీ అప్‌గ్రేడెడ్, రెడీ టు ప్లే’ అని అమ్మకానికి పెట్టాడు. లిస్టులో టెర్రర్ ఆఫ్ ద పీక్స్, ఓల్డ్ నాబోన్, కావెర్న్ ఆఫ్ సోల్స్, స్టాంపింగ్ గ్రౌండ్, డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్ అనే కార్డులు ఉన్నాయి. సింగిల్స్‌గా (విడి కార్డులుగా) కొనాలంటే ఈ ఐదింటికే అతను అడిగిన దానికన్నా చాలా ఎక్కువవుతుంది. "ఆట మానేస్తున్నాను బ్రో, డెక్ మంచి చేతుల్లోకి వెళ్తే చాలు" అన్నాడు. నమ్మాను. 3,000 అడ్వాన్స్, పార్సిల్ కట్టాక ఫోటో పంపితే మిగతా 4,200, మొత్తం యూపీఐలోనే పంపాను.

అక్కడే నాకు అనుమానం రావాల్సింది డాక్‌సైడ్ దగ్గర. ఆ కార్డుని 2024 సెప్టెంబరులో కమాండర్‌లో బ్యాన్ చేశారు, మానా క్రిప్ట్, జ్యుయెల్డ్ లోటస్‌తో పాటే. ‘రెడీ టు ప్లే’ అన్న డెక్‌లో ఆడకూడని కార్డు ఉంటే, ఒకటి అతనికి ఆట తెలియకపోవాలి, లేదా పాత పేరు చూసి ఎగబడే కొత్తవాళ్ల కోసం పెట్టి ఉండాలి. నేను అడిగాను కూడా. "ఇంట్లో ఆడుకునేవాళ్లు ఒప్పుకుంటే చాలు" అన్నాడు. అది నిజమే కాబట్టి ఇంకేం అనలేకపోయాను.

పార్సిల్ వచ్చింది. నల్లటి స్లీవుల్లో (కార్డులకి తొడిగే కవర్లు) నీట్‌గా ఉంది. వెనకవైపు ఏమాత్రం కనిపించని స్లీవులు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను. నేను విప్పుతూ వీడియో తీయలేదు, కార్డులు లెక్కపెట్టలేదు, నేరుగా శనివారం ఆటకి పట్టుకుపోయాను.

ఆట మొదలయ్యాక డెక్ అస్సలు కదల్లేదు. చేతినిండా ఐదు, ఆరు, ఏడు మానా డ్రాగన్లు, ముందు మూడు ల్యాండ్స్. ఆరో టర్న్‌కి అన్నయ్య దగ్గర తొమ్మిది మానా ఉంటే నేను నాలుగో ల్యాండ్ కోసం చూస్తున్నాను. మొదటి ఆట, సరే, దురదృష్టం అనుకున్నాం. రెండో ఆటా అంతే. అప్పుడు మా ఒడియా కుర్రాడు అన్నాడు, "భాయి, సోల్ రింగ్ ఇంకా రాలేదేంటి నీకు?" డెక్ మొత్తం తిరగేసి చూశాం. సోల్ రింగ్ లేదు. ఆర్కేన్ సిగ్నెట్ లేదు. తొందరగా మానా ఇచ్చే ఈ రెండు కార్డులూ కంపెనీ డెక్‌లో ఉంటాయి. లెక్కపెడితే 100కి 98 కార్డులే ఉన్నాయి, ల్యాండ్స్ 31. ఏడు మానా కమాండర్ ఉన్న డెక్‌కి 31 ల్యాండ్స్! చెట్లు కొట్టేసి తోట అమ్మినట్టుంది. తేలిగ్గా అమ్ముడుపోయే మంచి కార్డులన్నీ అతను లాగేసుకున్నాడు. ఈ ఆటలో అప్‌గ్రేడ్ అంటే ఒక కార్డు తీసి ఒకటి వేయడమే కదా, ఏవి వేశాడో లిస్టులో చూపించాడు గానీ ఏవి తీశాడో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంతలో కరెంటు పోయింది. వానాకాలం, మాకిది మామూలే. ఫోన్ టార్చి వెలుగులో కార్డులు సర్దుతుంటే టెర్రర్ ఆఫ్ ద పీక్స్ స్లీవు మూల చిరిగి ఉంది, మారుద్దామని తీసి వెనక్కి తిప్పాను. గోధుమ రంగు ఉండాల్సిన చోట కొంచెం ఊదా కలిసినట్టుంది. పక్కన అన్నయ్య అడవి ల్యాండ్ ఒకటి పెట్టి చూస్తే తేడా నాకే కాదు, టీ ఇవ్వడానికొచ్చిన పెద్దమ్మక్కూడా తెలిసిపోయింది. తమ్ముడు టార్చి వెనకనుంచి వేసి చూపించాడు. అసలు కార్డులోంచి వెలుగు మెత్తగా, ఒకే తీరుగా వస్తోంది. దీంట్లోంచి రావట్లేదు, అట్టముక్కలా మూసుకుపోయింది. ఒక్కొక్కటే స్లీవు తీశాం. లిస్టులో గొప్పగా చూపించిన ఐదూ నకిలీవే.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే మా వీధి చివర బంగారం పని చేసే మామయ్య దగ్గరికెళ్లి కంటికి పెట్టుకునే భూతద్దం అడిగాను. ఆయన ముందు నగ అనుకున్నారు, కార్డు అని తెలిసినా ఏమీ అనకుండా లైటు దగ్గర కూర్చోబెట్టారు. ఇక్కడినుంచి జాగ్రత్తగా చదవండి, మీకు పనికొచ్చేది ఇదే.

మ్యాజిక్ కార్డు వెనకవైపు ఐదు రంగుల చుక్కలు గుండ్రంగా ఉంటాయి కదా, అందులో ఆకుపచ్చ చుక్కని భూతద్దంలో చూడండి. అసలు కార్డులో దాని లోపల నాలుగు చిన్న ఎర్ర చుక్కలు ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో కనిపిస్తాయి. నా కార్డుల్లో ఆ చోట ఎర్రగా ఏదో అలికినట్టు ఉంది, చుక్కలు విడివిడిగా లేవు. ఇక ముందువైపు, కార్డు పేరు, నల్లటి అక్షరాలు: అసలుదాంట్లో బొమ్మంతా రంగురంగుల చుక్కలతో పువ్వుల్లా అచ్చయి ఉంటుంది గానీ అక్షరాలు మాత్రం గట్టి నలుపు, అంచులు కోసినట్టు ఉంటాయి. నకిలీదాంట్లో అక్షరం అంచు కూడా చుక్కలుగా చెదిరిపోయింది. మామయ్య తనంతట తానే అద్దం తీసుకుని రెండూ మార్చి మార్చి చూసి, "ఇది అచ్చుకి అచ్చు తీసిందిరా అబ్బాయ్" అన్నారు. ఆయనకి ఈ ఆట పేరు కూడా తెలియదు.

ఇంకొకటి, రేర్, మిథిక్ (అరుదుగా దొరికే రకాలు) కార్డులకి కింద మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో మెరిసే చిన్న హోలోగ్రామ్ ఉంటుంది. నా టెర్రర్‌కి ఉంది, కానీ కదిపితే రంగు మారట్లేదు, వెండి రంగు అద్దినట్టు చదునుగా ఉంది. ఇక్కడ పొరపాటు పడకండి: ఆ ముద్ర 2014లో వచ్చిన మ్యాజిక్ 2015 సెట్‌తో మొదలైంది, అంతకుముందు అచ్చయిన రేర్‌కి అది ఉండదు. 2006 నాటి మొదటి స్టాంపింగ్ గ్రౌండ్‌కి లేదు, అయినా అది అసలుదే. సోల్ రింగ్ లాంటి అన్‌కామన్లకీ (రేర్ కన్నా కింది రకం) ఉండదు. ముద్ర లేదని మంచి కార్డుని దొంగ కార్డు అనకండి, ముద్ర ఉందని నమ్మేయకండి. ఎప్పుడూ మీకు ఖాయంగా తెలిసిన అసలు కార్డు ఒకటి పక్కన పెట్టుకునే చూడండి, కనీసం ఒక బేసిక్ ల్యాండ్ అయినా. వంచి చూడమని కొంతమంది చెబుతారు, వద్దు, అసలుదైతే మడత పడి పాడవుతుంది.

ఒక మాట. ప్రింటు తీసిన కాగితం ముక్క స్లీవులో పెట్టి ఇంట్లో ఆడుకోవడంలో నాకు ఏ తప్పూ కనిపించదు, మేమూ ఆడతాం, కార్డు కొనేముందు డెక్‌లో సరిపోతుందో లేదో అలాగే చూస్తాం. మా మజ్జిగౌరి అమ్మవారి గుడి దగ్గర బొమ్మల కొట్లలో పిల్లలకి అమ్మే బంగారు రంగు పోకెమాన్ కార్డులు అసలువి కావని కొనేవాళ్లకీ తెలుసు, దాంతో ఎవరికీ గొడవ లేదు. నకిలీని అసలుదని చెప్పి, అసలు ధర లెక్క చూపించి డబ్బు తీసుకోవడం మోసం.

అతనికి ఫోటోలు పంపాను. మొదట "నేనూ వేరేవాళ్ల దగ్గరే కొన్నాను బ్రో" అన్నాడు. తర్వాత "నువ్వే మార్చి నామీద పెడుతున్నావేమో, అన్‌బాక్సింగ్ వీడియో ఉందా?" అన్నాడు. లేదు కదా. తర్వాత బ్లాక్ చేశాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇచ్చాను, నంబరు వచ్చింది. కానీ డబ్బు పంపిన 19 రోజుల తర్వాత చేశాను. డబ్బు అవతలి అకౌంటులో ఉండగానే ఆపించాలంటే మొదటి గంటల్లోనే చేయాలి. మీకు ఇలా జరిగితే సెల్లర్‌తో వాదిస్తూ నాలా రోజులు పోగొట్టుకోకండి. కొట్టు నుంచో వెబ్‌సైట్ నుంచో బిల్లుతో కొన్నదైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది.

తర్వాత అదే డెక్ సీల్డ్‌గా కొన్నాను, అతనికి ఇచ్చినదాంట్లో సగం కూడా కాలేదు. దాన్ని నేనే నెమ్మదిగా మారుస్తున్నాను, ఇప్పటికి ఎనిమిది కార్డులు మారాయి, పోయినవారం రెండుసార్లు గెలిచాను. కొత్తవాళ్లకి చెప్పేది ఏంటంటే, ఈ డెక్‌లో తక్కువైంది పెద్ద డ్రాగన్లు కాదు, అవి సరిపడా ఉన్నాయి. ఇబ్బంది పెట్టేది మానా ఆలస్యం, ట్యాప్ అయి దిగే (దిగిన టర్న్‌లో వాడలేని) ల్యాండ్స్ ఎక్కువ కావడం. కాబట్టి ముందు ఆ ల్యాండ్స్‌లో కొన్ని మార్చండి, రెండు మూడు మానాలో ల్యాండ్ వెతికి తెచ్చే ఆకుపచ్చ కార్డులు పెంచండి, పెద్ద జీవి దిగితే కార్డు ఇచ్చే గారుక్స్ అప్‌రైజింగ్ లాంటివి ఉంటే తీయకండి, లేకపోతే వేయండి. సోల్ రింగ్, సిగ్నెట్, కమాండ్ టవర్ జోలికి వెళ్లకండి. టెర్రర్ ఆఫ్ ద పీక్స్ లేకుండానే నా డెక్ ఇప్పుడు నాలుగో టర్న్ నుంచి ఆడుతోంది.

అయినా వాడిన డెక్కే కావాలంటే, కంపెనీ తను కట్టి అమ్మే ప్రతి డెక్ (ప్రీకాన్) లిస్టూ తన సైట్‌లో పెడుతుంది, దాన్ని పక్కన పెట్టుకుని సెల్లర్ లిస్టుతో ఒక్కొక్క కార్డూ పోల్చండి, తీసినవి ఏవో అతన్నే రాసి పంపమనండి. ఖరీదైన కార్డులు స్లీవు లేకుండా, వెనకా ముందూ, పక్కన ఒక బేసిక్ ల్యాండ్‌తో, ఆ రోజు తేదీ రాసిన చీటీ పెట్టి ఫోటో తీయమనండి. నిజంగా ఆట ఆడినవాడు దీనికి ఏమీ అనుకోడు. పార్సిల్ రాగానే టేపు కోయడం నుంచి చివరి కార్డు దాకా ఆపకుండా వీడియో తీయండి, ఎంతసేపు పట్టినా సరే.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నిన్న రాత్రి తమ్ముడు గునుపూర్ నుంచి ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. అదే నీలం పువ్వుల దుప్పటి, అదే వరసలో పరిచిన ఐదు కార్డులు, టెర్రర్ స్లీవుకి అదే మూల చిరుగు. వేరే పేరు, ధర 6,900, కింద "ఆట మానేస్తున్నాను" అనే మాట. ఆ చిరుగు స్లీవు కార్డు నా బీరువాలో కవర్లో ఉంది, ఫిర్యాదుకి సాక్ష్యంగా దాచాను. ఆ ఫోటో మీకు ఎక్కడ కనిపించినా అడ్వాన్స్ పంపకండి, ఇప్పటికే పంపి ఉంటే ఇది చదవడం ఆపి ముందు 1930కి ఫోన్ చేయండి.