450 రూపాయలకు చిలకపచ్చ నీళ్లు: అనంతపురంలో కూలెంట్ కొనేవాళ్లు కాస్త చూసి కొనండి

అనంతపురంలో గానీ చుట్టుపక్కల గానీ కారుకు కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరచడానికి రేడియేటర్‌లో పోసే ద్రవం) కొనబోతుంటే ముందు ఇది చదవండి. ఐదు లీటర్ల తెల్ల డబ్బా, లోపల చిలకపచ్చ రంగు, బయట మంచుకొండ బొమ్మ, ‘రెడీ టు యూజ్’ అని పెద్ద అక్షరాలు. 450 రూపాయలు. దాంట్లో ఉన్నది కూలెంట్ కాదు, రంగు కలిపిన నీళ్లు. షాపు పేరు రాయడం లేదు. నా దగ్గర బిల్లు లేదు, అది ఒకటి. తర్వాత తిరిగి చూస్తే అదే డబ్బా ఊళ్లో ఇంకో రెండు షాపుల్లో కనిపించింది, అది రెండు. ఒక్క షాపు పేరు చెప్పి మిగతావాటిని వదిలేస్తే మీకు ఉపయోగం ఉండదు.

మాది 2014 మోడల్ డీజిల్ కారు, చిన్నది. బాగోగులు చాలావరకు నేనే చూసుకుంటాను. ఎండలు ముదరక ముందే రేడియేటర్ కడిగి కొత్త కూలెంట్ పోద్దామని మార్చిలో ఒక ఆదివారం పొద్దున కూర్చున్నాను. ఇంజన్ పూర్తిగా చల్లారాక కింద డ్రెయిన్ ప్లగ్ తీసి పాతది టబ్బులోకి వదిలాను. పైనుంచి పైపు పెట్టి నీళ్లు పోయడం, హీటర్ ఫుల్‌లో పెట్టి ఇంజన్ నడపడం, థర్మోస్టాట్ (వేడెక్కితే తెరుచుకునే వాల్వు) తెరుచుకుని పైహోస్ (రేడియేటర్ పైభాగానికి వచ్చే రబ్బరు పైపు) వేడెక్కాక ఆపడం, చల్లారనిచ్చి మళ్లీ వదలడం. రెండు సార్లకు తేటగా వచ్చింది. ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది, దాచను. కడగడానికి వాడింది మా బోరు నీళ్లు. మా బోరు నీళ్ల సంగతి ఇంట్లో గీజర్ రాడ్‌ను అడిగితే చెప్తుంది, ఏడాదికి ఒకటి తెల్లగా సున్నం పట్టి పోతుంది. వాటితో కడిగి, చివర్లో ఉప్పూ సున్నం లేని డిస్టిల్డ్ వాటర్ తిప్పకుండానే సరిపెట్టేశాను.

కూలెంట్‌తో పాటు రేడియేటర్ క్యాప్ కూడా అదే షాపులో తీసుకున్నాను. పాత క్యాప్ రబ్బరు పగుళ్లిచ్చింది. కొత్తదాని మీద కూడా పాతదాని మీద ఉన్నట్టే 1.1 (క్యాప్ ఎంత ప్రెజర్ పట్టి ఉంచాలో చెప్పే అంకె) అని అచ్చు ఉంది కదా అని ఇంకేమీ చూడలేదు. కంపెనీ కూలెంట్ అడిగితే కుర్రాడు ఈ డబ్బానే ముందు పెట్టాడు. "అన్నా, ట్యాక్సీలోళ్లంతా ఇదే తీసుకపోతాండారు. కంపెనీది రేటు డబల్, లోపల సరుకు ఒకటే" అన్నాడు. ట్యాక్సీవాళ్లు తీసుకెళ్తున్నారంటే మనకు ఎక్కడలేని నమ్మకం వచ్చేస్తుంది కదా.

ఆరేడు వారాలు బాగానే నడిచింది. మే మొదటి వారంలో అమ్మకు కంటి చెకప్ ఉండి కర్నూలు బయల్దేరాం. పామిడి వరకు ఏమీ లేదు. కాసేపల్లి టోల్ దగ్గర లైన్లో ఐదారు నిమిషాలు ఆగేసరికి టెంపరేచర్ ముల్లు సగం దాటింది. బండి కదిలాక దిగింది. ఏసీ వల్ల అయి ఉంటుందిలే అనుకున్నాను. గుత్తి దాటి ప్యాపిలి వైపు ఎత్తు ఎక్కుతుంటే మళ్లీ లేచింది, ఈసారి ఎర్ర గీత దగ్గరకు వెళ్లింది. ఏసీ ఆపేసి హీటర్ ఫుల్ పెట్టాను. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని కాస్త లాగుతుంది. బయట 42 డిగ్రీలు, లోపల మొహం మీదికి వేడి గాలి. వెనక సీట్లోంచి అమ్మ "ఏందిరా నాయనా, బయట ఎండ చాల్లేదని లోపల కూడా మంట పెట్టినావా" అంది. టీ కొట్టు కనబడితే వేపచెట్టు కింద ఆపేశాను.

బానెట్ ఎత్తితే ఎక్స్‌పాన్షన్ బాటిల్ (రేడియేటర్ నుంచి పొంగింది చేరే ప్లాస్టిక్ సీసా) అన్నం కుండలా కుతకుతమంటోంది. మార్చిలో చిలకపచ్చగా ఉన్నది ఇప్పుడు కాఫీ రంగులో ఉంది. టీ కొట్టు పిల్లాడు గుడ్డ తీసుకుని క్యాప్ తిప్పబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాను. వేడి మీద క్యాప్ తీస్తే లోపలి నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి లేస్తాయి. మీరు ఏది మర్చిపోయినా ఇది మాత్రం మర్చిపోవద్దు. ముప్పావుగంట కూర్చున్నాం, అమ్మ రెండు టీలు తాగింది. పైహోస్ చేత్తో పట్టుకోగలిగాక క్యాప్ తీస్తే నీళ్లు పైన కనబడనే లేదు. కొట్లో ఉన్న తాగే నీళ్ల బాటిళ్లు కొని పోస్తే లీటరున్నర పట్టింది. నలభై స్పీడులో, మధ్యలో ఒకసారి ఆగి, డోన్ చేరాం.

డోన్‌లో దొరికిన మెకానిక్ భాయ్ పెద్దాయన. కారు కంటే ముందు క్యాప్ అడిగాడు. షెడ్డులో ఉన్న పాత మంచి క్యాప్ ఒకటి తెచ్చి, రెండింటి స్ప్రింగులూ బొటనవేలితో నొక్కి చూడమన్నాడు. దానికి బొటనవేలు నొప్పి పుట్టింది. నాది పెన్ను బటన్‌లా దిగిపోయింది. "1.1 అని అచ్చు ఎవురైనా ఏస్తారు సార్" అన్నాడు. తర్వాత రేడియేటర్ మూతి దగ్గర వేలు తిప్పి చూపించాడు. వేలికి తుప్పు బురద అంటింది, అంచున తెల్లగా సున్నపు పొర. "కూలెంట్ ఎప్పుడు మార్చినారు?" "మార్చిలో." "ఈ మార్చిలోనా!" అని నవ్వాడు. అమ్మ ముందు నాకు తల తీసేసినట్టయింది.

ఆయన చెప్పినదీ తర్వాత నేను చూసుకున్నదీ కలిపితే జరిగింది ఇది. సాదా నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. 1.1 బార్ ప్రెజర్ నిలబెట్టే క్యాప్ ఉంటే అవే నీళ్లు దాదాపు 120 దాకా మరగవు, ప్రెజర్ కుక్కర్ లెక్కే. నీళ్లలో సగానికి సగం ఇథిలీన్ గ్లైకాల్ (కూలెంట్‌లో నీళ్లతో కలిపే ద్రవం) ఉంటే ఇంకో ఏడెనిమిది డిగ్రీలు కలిసొస్తుంది. నా బండిలో గ్లైకాల్ లేదు, క్యాప్ ప్రెజర్ పట్టలేదు. అంటే గంజి గిన్నె మీద మూత వారగా పెట్టినట్టు. మరిగినదంతా బాటిల్‌లోకి పొంగింది, చల్లారాక వెనక్కి లాక్కోవాల్సిన వాల్వు కూడా క్యాప్‌లోనే ఉంటుంది, అదీ పనిచేయలేదు. నింపేటప్పుడు లోపల గాలి ఇరుక్కుని ఎయిర్ లాక్ అయి ఉంటుందని ఒక స్నేహితుడు అన్నాడు, అదైతే నా పనితనం తప్పే. కానీ నింపిన రోజున హీటర్ గాలి నిలకడగా వేడిగా వచ్చింది, ఆరు వారాలు నడిచింది కూడా. కాబట్టి అది కాదనే నా నమ్మకం.

కూలెంట్ నీళ్లు గడ్డకట్టకుండా కూడా ఆపుతుంది కాబట్టి "మనకు మంచు ఎక్కడిది, కూలెంట్ ఎందుకు, నీళ్లు చాలవా" అని చాలామంది అంటారు. సగం నిజమే. వేడిని మోయడంలో నిజానికి కూలెంట్ కంటే ఉత్త నీళ్లే మెరుగు. అంబాసిడర్ రోజుల్లో ఇత్తడి, రాగి రేడియేటర్లు, వారానికోసారి చెంబుతో నీళ్లు పోస్తే నడిచిపోయేది. ఇప్పటి బండ్లలో అల్యూమినియం రేడియేటర్, ప్లాస్టిక్ ట్యాంకు, నాలాంటి డీజిల్ బండిలో ఇనుప బ్లాకు. ఇన్ని లోహాలూ ఒకే నీళ్లలో నానుతుంటే తుప్పు ఆపే మందులు లేకుండా కుదరదు. ఆ మందులే కూలెంట్‌లో అసలు సరుకు. రంగు మాత్రం ఎవరిష్టం వాళ్లది, పచ్చ, ఎరుపు, గులాబీ, నీలం ఏదైనా వేసుకోవచ్చు. రంగు చూసి రకం తేల్చలేం, బండి మాన్యువల్ చూడాల్సిందే.

ఇంటికొచ్చాక డబ్బాలో రెండు లీటర్లు మిగిలి ఉంటే పరీక్ష పెట్టాను. పెద్ద సరంజామా అక్కర్లేదు, వంటింటి డిజిటల్ కాటా చాలు. గ్లైకాల్ నీళ్ల కంటే బరువు. ఒక ఖాళీ లీటరు వాటర్ బాటిల్ కాటా మీద పెట్టి సున్నా చేసి, మార్కర్‌తో గీత గీసి, ఆ గీత దాకా బ్యాటరీ వాటర్ (బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్) పోస్తే 1,000 గ్రాములు తూగింది. అదే గీత దాకా ఈ పచ్చనీళ్లు పోస్తే 1,004. సగానికి సగం కలిపిన నిజమైన కూలెంటైతే 1,060కి పైన తూగాలి. తర్వాత కంపెనీ కాన్సంట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి కూలెంట్) కొని తూస్తే 1,105 వచ్చింది. వంద గ్రాముల తేడా కదా, ఒక్కో చేత్తో ఒక్కో బాటిల్ పట్టుకున్నా తెలుస్తోంది.

రెండోది ఫ్రీజర్. చిన్న సీసాలో ముప్పావు దాకా పచ్చనీళ్లు పోసి రాత్రంతా పెట్టాను. సగం గ్లైకాల్ ఉన్నది ఇంటి ఫ్రీజర్‌లో గడ్డకట్టదు, దానికి మైనస్ 37 దాకా పోవాలి. పొద్దున చూస్తే నా సీసాలో చిన్నప్పటి పచ్చ ఐస్‌ఫ్రూట్ తయారై ఉంది. ఇక్కడ ఒక మాట. అసలైన ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. పిల్లలు ఉన్న ఇంట్లో ఫ్రీజర్ పరీక్ష పెట్టొద్దు, కాటా చాలు. కాటా మీద పెట్టిన బాటిల్ కూడా మళ్లీ తాగే నీళ్లకు వాడకుండా పారేయండి. పాత కూలెంట్‌ను కాలవలో వదలొద్దు, వీధి కుక్కలు నాకి చచ్చిపోతాయి. నేను టబ్బులోది డబ్బాకు ఎత్తి తెలిసిన గ్యారేజీలో ఇచ్చాను. టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు చూపేది) పెట్టి చూడమని ఒకాయన సలహా ఇచ్చాడు. అది దీనికి పనికిరాదు, అసలు కూలెంట్‌లోని మందులకు కూడా మీటరు ఎక్కువే చూపిస్తుంది.

కాటా ఫోటో, గడ్డకట్టిన సీసా పట్టుకుని షాపుకు వెళ్లాను. కుర్రాడు లేడు, ఓనరు ఉన్నాడు. "కూలెంట్‌లో సగం నీళ్లే ఉంటాయి కదా సార్" అన్నాడు. మిగతా సగం ఏదని అడిగితే "మేము తయారు చేస్తామా, వచ్చింది అమ్ముతాము. బిల్లు తీసుకరండి, డిస్ట్రిబ్యూటర్‌తో మాట్లాడతా" అన్నాడు. కొన్న రోజు బిల్లు అడిగితే "ఇంత చిన్నదానికి బిల్లెందుకన్నా" అన్నది వాళ్లే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. కానీ ఆ డబ్బా ఆయన షాపులోనే కొన్నానని చూపించడానికి నా చేతిలో కాగితం ముక్క లేదు.

డబ్బాను అప్పుడు తీరిగ్గా చదివాను. తయారు చేసినవాళ్ల చిరునామా లేదు. తయారైన నెల, బ్యాచ్ నంబరు, ఎంఆర్‌పీ, ఫిర్యాదు చేయడానికి ఫోను నంబరు, ఏవీ లేవు. ప్యాకెట్ మీద అమ్మే వస్తువుకు చిరునామా, నెల, ధర చట్టప్రకారం ఉండి తీరాలి. మంచి కూలెంట్ మీద వీటితో పాటు ఐఎస్ 5759 గానీ, జేఐఎస్ కె 2234 గానీ, ఏఎస్‌టీఎమ్ డి 3306 గానీ ఏదో ఒక ప్రమాణం రాసి ఉంటుంది. రాసినంత మాత్రాన నిజమని కాదు, డోన్ భాయ్ చెప్పినట్టు అచ్చు ఎవరైనా వేస్తారు. అది కూడా లేనిదాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

ఇంట్లో మార్చుకునేవాళ్లకు ఇంకో సంగతి, నాకు ఈ గొడవ వల్లే అర్థమైంది. నా బండికి మొత్తం పట్టేది 5 లీటర్లు. కింద ప్లగ్ తీస్తే కారేది 3 లీటర్లే, మిగతా రెండూ బ్లాకులో, హీటర్ కోర్‌లో ఉండిపోతాయి. కడిగాక ఆ రెండు లీటర్లూ నీళ్లే. వాటి మీద 3 లీటర్లు రెడీమిక్స్ (ముందే సగం నీళ్లు కలిపిన ‘రెడీ టు యూజ్’ కూలెంట్) పోస్తే, అది ఎంత నికార్సైనదైనా లోపల తేలే గ్లైకాల్ 30 శాతమే. కడిగిన బండికి కాన్సంట్రేట్ కొనాలి. రెండోసారి నేను బ్యాటరీ వాటర్ తెచ్చి మూడుసార్లు నింపి, తిప్పి, వదిలాను. ఒక్కోసారికి ఐదో వంతుల్లో రెండు మిగులుతుంది కాబట్టి మూడుసార్లకు బోరు నీళ్లు ఆరు శాతానికి దిగాయి. ఆ తర్వాత రెండున్నర లీటర్ల కాన్సంట్రేట్, పైన అర లీటరు బ్యాటరీ వాటర్. బ్యాటరీ వాటర్ అని అడిగితే కొన్నిచోట్ల యాసిడ్ డబ్బా చేతిలో పెడతారు, లేబుల్ చూసుకోండి.

హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ పై హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోలేదు, అక్కడ బతికిపోయాను. క్యాప్, పైహోస్, కూలెంట్, బ్యాటరీ వాటర్, డోన్ భాయ్ కూలి, ఇక్కడ చెక్ చేయించిన ఖర్చు అన్నీ కలిపి 3,800 దాకా అయింది. అమ్మ కంటి చెకప్ వారం వాయిదా పడింది. ఆ వారం ఆమె బస్సులో వెళ్లింది, నన్ను కూడా బస్సులోనే రమ్మంది.