అన్నం తగ్గించి రెండున్నరేళ్లు: నా అనుభవం

నాకు షుగర్ ఉంది. మొదలుపెట్టినప్పుడు నా బరువు 86 కిలోలు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.6. ఇప్పుడు 75 కిలోలు, 6.4. ఈ అంకెలు చూస్తే ఐదుకి ఐదు స్టార్లు ఇచ్చేయొచ్చు. నేను నాలుగే ఇస్తాను.

వండిన అన్నం వంద గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. రోజూ పెట్టుకునే అన్నాన్ని ఒకసారి వంటింటి కాటాలో తూచాను. 380 గ్రాములు! అదీ మారు వడ్డించుకోకముందు. ఆ రోజే అన్నం మొత్తం మానేశాను. గుడ్లు, చేపల పులుసు, పనీరు, బీరకాయ, దొండకాయ, గోంగూర, వీటితోనే రెండు నెలలు గడిపాను. మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గితే ఇంటిల్లిపాదికీ చెప్పుకున్నాను. అందులో ఎక్కువ నీరేనని డాక్టరు నవ్వారు. పిక్కలు పట్టేయడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం కూడా అప్పుడే. నాకు బీపీ లేదు కాబట్టి డాక్టర్ని అడిగి మజ్జిగలో కాస్త ఎక్కువ ఉప్పు వేసుకున్నాను, సర్దుకుంది.

అసలు భయం పదకొండో రోజు. పొద్దున గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర ఎప్పటిలాగే వేసుకున్నాను. మధ్యాహ్నం బెండకాయ వేపుడు, రెండు గుడ్లు. నాలుగింటికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. షుగర్ మీటరులో 58, బాగా పడిపోయింది. మా ఆవిడ పంచదార నీళ్లు కలిపి తాగించింది. మనం అన్నం తిన్నా మానినా ఆ మాత్ర ఇన్సులిన్‌ని విడుదల చేయిస్తూనే ఉంటుందట. తిండి మార్చకముందే డాక్టరుకి చెప్పాల్సింది, తప్పు నాదే. ఆయన ఆ మాత్ర మొదట సగం చేసి, తర్వాత ఆపేశారు. మెట్‌ఫార్మిన్ అనే ఇంకో షుగర్ మాత్ర కొనసాగుతోంది. డపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లయితే డాక్టర్ని అడగకుండా ఈ దారిలోకి అసలు రావద్దు. షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోన్లు (ఒళ్లు కొవ్వుని కరిగించేటప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) ప్రమాదస్థాయికి చేరొచ్చు.

జొన్నరొట్టె ఎన్నయినా తినొచ్చని మా బావమరిది వాదన. రెండు రొట్టెలు తిని రెండు గంటలకి చూసుకుంటే 196. ఉప్మా లేని పెసరట్టుకి 142. మీ మీటరు మీకు ఇంకోలా చెప్పొచ్చు, అందుకే స్ట్రిప్పుల ఖర్చుకి వెనకాడకండి. రాత్రి ఆమ్లెట్ మాత్రమే తిన్నా పొద్దున పరగడుపున 130 ఉంటే మొదట్లో చాలా టెన్షన్ పడ్డాను. తెల్లవారుజామున కాలేయం తనంతట తనే గ్లూకోజు వదులుతుందని తెలిశాక ఆ గోల తగ్గింది. భోజనం కాగానే ఇరవై నిమిషాలు నడిస్తే మాత్రం తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, ఆరు నెలలకి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 118 నుంచి 151కి ఎక్కింది. పిండి తగ్గింది కదా అని నెయ్యి, కొబ్బరినూనె ధారగా పోసుకున్న ఫలితం అనుకుంటాను. అవి తగ్గించి చేపలు, వేరుశెనగలు పెంచాక 124కి దిగింది. పైగా మా ఆవిడకి రెండు వంటలు. పెళ్లిళ్లలో ఒట్టి కూరలు తింటుంటే “ఒంట్లో బాలేదా అన్నయ్యా?” అని ప్రతి బంతిలోనూ పలకరింపులు.

ఇప్పుడు మధ్యాహ్నం ఒక చిన్న కప్పు అన్నం తింటున్నాను, తూచి 120 గ్రాములు. 73కి దిగిన బరువు దానివల్ల రెండు కిలోలు వెనక్కొచ్చింది. రానీ. కూరలూ పప్పూ ఉత్తివే తినేసి, ఆ కప్పు మొత్తం పెరుగులోకి దాచుకుంటాను.